వెక్కిరింపుగా పెట్టిన పేరు

ఆడవాళ్ల ఓటు కోసం కొట్లాడినోళ్లను ఇంగ్లీషులో సఫ్రజెట్లు అంటారు. సఫ్రేజ్ అంటే ఓటు హక్కు. చివరన ఉన్న 'ఎట్' చిన్నదని చెప్పే తోక. బీడీలు చుట్టే మన దుబ్బాక అక్కచెల్లెళ్లకు ఇది తొందరగ అర్థమైతది: సిగార్ అంటే పెద్ద చుట్ట, దానికి ఎట్ చేరితే చిన్నది, సిగరెట్.

1906లో లండన్‌లోని డైలీ మెయిల్ పత్రిక ఆ తోకనే ఈ ఆడవాళ్లకు తగిలించింది. ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్ వెంట నడిచి, సభల్లో మంత్రులను నిలదీసి, జైళ్లకు పోయినోళ్లు వీళ్లు. వెక్కిరింపని తెలిసీ ఆ పేరును తమదే చేసుకున్నరు. 1912లో తమ పత్రికకు ఆ పేరే పెట్టుకున్నరు. అర్జీలతో, సభలతో సాధించాలన్న మిలిసెంట్ ఫాసెట్ వర్గం వాళ్లు సఫ్రజిస్టులు. ఈ రెండు మాటలను ఒకటి చేయడం సరికాదు.

మన భాషలో ఇట్లాంటి ఒక్క మాట స్థిరపడలేదు. పని మాత్రం జరిగింది. 1917 డిసెంబరులో మద్రాసులో భారత వ్యవహారాల మంత్రి మాంటేగును కలిసి ఓటు అడిగిన మహిళా బృందానికి ముందు నిలిచింది హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు. 1921లో మద్రాసు రాష్ట్రంలో ఆడవాళ్లకు ఓటు వచ్చింది, అదీ ఆస్తి, పన్ను ఉన్న కొద్దిమందికే. దుబ్బాక అప్పుడు నిజాం రాజ్యంలో ఉండె. ఆమె పుట్టిన ఊరికి, మనకు ఆ హక్కు అందలే. వయసొచ్చిన ప్రతి ఆడమనిషికి ఓటు రాజ్యాంగంతోనే వచ్చింది. మొదటి సాధారణ ఎన్నికలు 1951-52లో జరిగినయి.

ఆ ఓటర్ల జాబితా రాసేటప్పుడు, ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాల్లో, చాలామంది ఆడవాళ్లు తమ పేరు చెప్పలే. ఫలానా ఆయన భార్యను, ఫలానా వాని తల్లిని అన్నరు. ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ సొంత పేరు ఉండాల్సిందే అన్నడు. గడువిచ్చి మళ్లీ అడిగినా చెప్పనోళ్లను తీసేసిన్రు. దాదాపు 8 కోట్ల మహిళా ఓటర్లలో 28 లక్షల దాకా అట్ల పోయిన్రు. ఆయన చేసింది కఠినమే, కానీ సరైనదే అనిపిస్తది. పేరు లేని చోట ఒకరి ఓటు ఇంకొకరు వేసుడు ఎంతసేపు?

మన సంఘాల్లోనూ పేరడిగితే పెద్దకొడుకు పేరు చెప్పి "ఆని అమ్మను" అనేటోళ్లు ఇంకా ఉన్నరు. పొదుపు పుస్తకంలో ఒక పేరు, ఆధార్‌లో ఒకటి, ఓటరు కార్డులో ఇంకొకటి ఉన్న సభ్యులు మీ గ్రామైక్య సంఘం సమావేశంలో చెప్పండి. ఓటరు జాబితాలో పేరు సరిచేసుకునే ఫారం 8 నింపడానికి తోడుంటం.