నాలుగో సంచిక కోసం

ఆదివారం పొద్దున ఏడున్నర. నెల్లూరు ట్రంకురోడ్డులో షట్టర్లు ఇంకా లేవలేదు. మూసిన దుకాణాల ముందు, మెట్ల మీద, పాత పుస్తకాలాయన పట్టా పరిచి మూటలు విప్పుతున్నాడు. రండి, చెప్పులు పక్కన వదిలి గొంతుక్కూర్చోండి. నిలబడితే పై వరస తప్ప ఏమీ కనపడదు. మనక్కావలసింది అడుగునుంటుంది.

పైన డీఎస్సీ గైడ్లు, నిరుటి వారపత్రికలు, ఎవరో ఇంటర్ పిల్లవాడి ఫిజిక్స్ నోట్సు. ఎత్తి పక్కన పెట్టండి. కాగితం వేళ్లకు మెత్తగా తగిలిందా, ఆగండి. అదుగో, బాలమిత్ర. దాని కింద రెండు బొమ్మరిల్లులు. ఇంకా అడుగున కొబ్బరితాడుతో బిగించిన చందమామల కట్ట. తాడు మీద చెయ్యి పడగానే ఆయన తలెత్తాడు.

"సామీ, కట్ట మొత్తం తీసుకుంటానంటేనే విప్పు. నువ్వు మంచివి ఏరుకుపోతే మిగిలినవి ఎవురు కొంటారు?"

"సీరియల్ పేజీలుండాయో లేదో చూసుకోవద్దా అన్నా?"

"చూసుకో, చూసుకో. ఆ పేజీల్లేనివి పక్కన పడెయ్."

ఆయనకు తెలుసు. ఒకప్పుడు నెలనెలా చందమామ కొన్న ఇళ్లలో సీరియల్ పేజీలు జాగ్రత్తగా విప్పి, విడిగా బైండు చేయించుకునేవాళ్లు. ఆ బైండ్లు ఇళ్లలో మిగిలాయి, నడుమ ఖాళీ అయిన సంచికలు తూకానికి వెళ్లాయి. అందుకే అట్ట ఎంత మెరుస్తున్నా ముందు నడిమి పేజీలు తిప్పుతాను. 1954లో 'తోకచుక్క'తో మొదలై రాకాసిలోయ, పాతాళదుర్గం, యక్షపర్వతం దాకా దాసరి సుబ్రహ్మణ్యం రాసినవి, వాటికి చిత్రా గీసినవి ఇక్కడే ఉండాలి. పత్రికలో దాసరి పేరు వేసేవాళ్లు కాదు. ఎవరు రాశారో తెలియకుండానే పిల్లలు వచ్చే నెల కోసం కాచుకున్నారు. సూపర్‌హీరో అన్న మాట మన వీధుల్లోకి రాకముందే ఖడ్గవర్మ, జీవదత్తుడు వాళ్లకు దొరికారు. ప్రాణం మీదికి వచ్చిన చోట కథ ఆగిపోయేది. ఆ తర్వాతి నెల సంచిక మీ దగ్గర లేదనుకోండి, వాళ్లు ఇప్పటికీ ఆ ఆపదలోనే ఉన్నట్టు.

ఒక్కోటి ఇరవై రూపాయలకు బేరం తెగింది. 2024 ఏప్రిల్లో అమెరికాలో, సూపర్‌మ్యాన్ తొలిసారి కనపడిన 1938 నాటి 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచిక వేలంలో 60 లక్షల డాలర్లు పలికింది. గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసిన ప్రతి అది. తెరిచి చదివితే విలువ పోతుంది. నాకు ఆ పుస్తకం వద్దు. చదవగా చదవగా మూలలు అరిగిన ఈ కట్టే కావాలి.

మన పక్కన కూర్చుని పేజీలు ఊదుతున్నవాడు మా అక్క కొడుకు. వాడి వేట వేరు. 2023లో స్పైడర్‌వర్స్ రెండో సినిమా తెలుగులోనూ వచ్చింది. ముంబైని మాన్‌హటన్‌తో కలిపేసిన ఊళ్లో ఎగిరే మన స్పైడర్‌మ్యాన్ పవిత్ర్ ప్రభాకర్‌ని చూసి ఇంటికొచ్చి, "వాడికి సొంత పుస్తకముండాదా మామా?" అన్నాడు. ఉంది. 2004లో గోథమ్ కామిక్స్ వాళ్లు వేశారు. జీవన్ కాంగ్ గీశాడు. సాలీడు కుట్టడం కాదు, ఒక యోగి శక్తిని ఇస్తాడు. హీరో ధోవతి కట్టుకుని గోడలెక్కుతాడు. మొత్తం నాలుగే సంచికలు. మూడు హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద దొరికాయి. నాలుగోది లేదు. ఫోన్లో దొరికినా వాడికి కాగితం మీదే కావాలి. వాణ్ని నేనే అలా పెంచాను, అందుకు సంతోషంగా కూడా ఉంది.

ఆ నాలుగోదాన్ని మద్రాసులో వెతుకుదాం, కట్ట సంచిలో వేసుకుని స్టేషనుకు పదండి. వెంకటాచలం, మనుబోలు, గూడూరు. కిటికీలోంచి వరిమళ్లు, మధ్యమధ్య రొయ్యల గుంటల్లో తెల్లగా చిమ్మే ఏరేటర్లు. సూళ్లూరుపేటలో మద్రాసు లోకల్ ఎక్కాలి. ఒకవైపు శ్రీహరికోట రాకెట్లు, ఇంకోవైపు 2019లో 'సాహో'తో తెరిచిన, 106 అడుగుల వెడల్పు తెర ఉన్న థియేటరు. ఈ తీరాన సూపర్‌హీరోలకు అంత చోటుంది. కానీ స్టేషను బంకులో తెలుగు సూపర్‌హీరో కామిక్ ఒక్కటి అడిగి చూడండి. ఆయన జంతికల ప్యాకెట్టు చేతిలో పెడతాడు. 1980లోనే ఎన్టీఆర్ 'సూపర్‌మ్యాన్' అయ్యాడు, 2024 సంక్రాంతికి 'హనుమాన్' వచ్చింది. తెర నిండుగా ఉంది, కాగితం మాత్రం ఖాళీగా ఉంది. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

లోకల్ చివరి స్టేషను పేరు మూర్ మార్కెట్ కాంప్లెక్స్. రోజూ దిగే వేలమందికి అదొక ప్లాట్‌ఫారం. పాత పుస్తకాలవాళ్లకు కాదు. 1900లో కట్టిన ఆ ఎర్రిటుకల మార్కెట్టు 1985 మే 30న కాలిపోయింది. మన పట్టాల చివర, సరిగ్గా ఈ చోటనే, పాత పుస్తకాలు గుట్టలుగా అమ్మేవాళ్లు. చందమామ అచ్చయిందీ ఈ ఊళ్లోనే, వడపళనిలో. కొత్త సంచిక పుట్టిన ఊరే పాత సంచిక దొరికే ఊరూ అయింది. మార్కెట్టు పోయాక వ్యాపారులకు పక్కనే అల్లికుళంలో చోటిచ్చారు. రండి, అటే.

ఇరుకు కొట్లు, ట్యూబులైటు వెలుగు, ఇంజనీరింగు పుస్తకాల గోడలు. కామిక్స్ అంటే కొట్టాయన స్టూలు కిందికి చూపించాడు. మావాడు చొక్కా చేతులు మడిచి లోపలికి దూరాడు. టింకిల్, అమర చిత్ర కథ, సగం చిరిగిన ఆర్చీ. తర్వాత నీలం అంచులో ముసుగు కన్ను ఒకటి. ఇంద్రజాల్ కామిక్స్! 1964 మార్చిలో ఫాంటమ్‌తో మొదలై, 1990లో ఆగేలోపు ఎనిమిది వందల పైచిలుకు సంచికలు వచ్చాయి. ఫాంటమ్ కథల్లో లీ ఫాక్ రాసిన బెంగాల్లా దేశం పేరును ఇక్కడ డెంకాలీగా మార్చారు. లోపల ఎవరో పిల్లవాడు పుర్రె ఉంగరాన్ని పెన్నుతో మళ్లీ దిద్దాడు. వెల తగ్గించమని అడగడానికి అది చాలు. కానీ నాకు ఆ గీతే బాగుంది, అడగలేదు. పవిత్ర్ నాలుగో సంచిక మాత్రం లేదు.

సాయంత్రానికి మైపాడులో మా ఇల్లు. ఇంట్లోకి రాగానే మొదటి పని చేతులు కడిగి, పిన్నులు చూడటం. ఈ ఉప్పుగాలికి ఇనుప పిన్ను తుప్పు పట్టి, చుట్టూ కాగితాన్ని గోధుమరంగు మచ్చగా తినేస్తుంది. గోటితో మెల్లగా విప్పి, ఆ రంధ్రాల్లోంచే నూలుదారం వేసి కుట్టండి. ఎండలో మాత్రం పెట్టొద్దు. న్యూస్‌ప్రింటులో లిగ్నిన్ ఉంటుంది, వెలుతురు తగిలితే ఇంకా పసుపెక్కి పెళుసవుతుంది. నీడలో, ఫ్యాను గాలికి, పేజీలు విప్పి ఆరబెట్టాలి. తర్వాత మూతపెట్టె, అందులో సిలికా జెల్ పొట్లాలు, ఎండిన వేపాకు. పెట్టె అటక మీదే ఉండాలి. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలుపట్టాలే కొట్టుకుపోయాయి. కింది అరల్లో పుస్తకాలు పెట్టుకున్న ఇళ్ల సంగతి చెప్పనక్కరలేదు.

మావాడు ఫోను తీశాడు. అమెరికాలో బుధవారం అంగళ్లకు వచ్చిన కొత్త స్పైడర్‌మ్యాన్ మార్వెల్ చందా యాప్‌లోకి రావడానికి మూడు నెలలు పడుతుంది. అక్కడ ఒక్క సంచిక నాలుగైదు డాలర్లు, అది కొనే స్తోమత మనకు లేదు, కాబట్టి ఆగుతాం. చాప మీద వాడికి ఒకవైపు ఈ నెల యాప్‌లోకి వచ్చినది, ఇంకోవైపు డెంకాలీ ఫాంటమ్. ఒక పేజీ ఇది, ఒక పేజీ అది.

"ఆబిడ్స్ మామకు చెప్పు మామా. వచ్చే ఆదివారం చూడమను."

హైదరాబాదు మిత్రుడికి మెసేజు టైపు చేస్తుంటే భుజం మీదుగా చూస్తూ వాడే చెప్పాడు. "నాలుగోది అని రాయి. అట్ట లేకపోయినా పర్లేదు. చివరి పేజీ ఉండాలని రాయి."