ఊరి ఊహ, కోర్టు సాక్ష్యం: తప్పిపోయిన మనిషి హత్య కేసులపై ఒక పరిశీలన

గడ్చిరోలి జిల్లా చామోర్షి తాలూకా దక్షిణపు కొసన, చప్రాళ అడవి దగ్గర వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అవుతాయి. అక్కణ్నుంచి ఆ నది మహారాష్ట్రకూ తెలంగాణకూ హద్దుగా సాగి, సిరొంచ దాటాక కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఒక ఠాణా పరిధిలో నీట పడిన శవం మరో రాష్ట్రపు ఒడ్డున తేలగల భూగోళం ఇది. పైగా గడ్చిరోలి జిల్లా కూలీలు మిరప పంట ఏరడానికి తెలంగాణకు వలస వెళ్లడం మామూలే. అలా వెళ్లిన మనిషి తిరిగి రాకపోతే, ఠాణాలో కాగితం పడేలోపే ఊళ్లో కథ తయారవుతుంది. ఎవరితో అప్పు ఉంది, ఎవరితో తగాదా ఉంది, చివరిసారి ఎవరి బండి ఎక్కాడు. ఈ మాటల్లో ఏది సాక్ష్యమవుతుంది, ఏది కాదు అన్నదే ఈ వ్యాసం విషయం. ఊరి మాటలన్నిటినీ పుకారని కొట్టిపారేసే పద్ధతితో నాకు పేచీ ఉంది. వాటన్నిటినీ దర్యాప్తుగా చలామణీ చేసే ధోరణితో అంతకంటే పెద్ద పేచీ ఉంది.

ఈ గీతను భారతదేశంలో మొదట స్పష్టంగా గీసింది ఒక తెలుగు కేసే. 1937 మార్చి 23 మధ్యాహ్నం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే శాఖా మార్గపు కొసన ఉన్న పూరీ స్టేషన్లో, మూడో తరగతి పెట్టెలో ఎవరూ దించుకోని ఇనప ట్రంకు కనిపించింది. లోపల ఏడు ముక్కలైన మగ శవం. కొన్ని రోజుల తర్వాత గానీ అతనెవరో తెలియలేదు. భార్య వచ్చి గుర్తుపట్టింది. నలభై ఏళ్ల మనిషి, పిఠాపురం దివాను దగ్గర బంట్రోతుగా పనిచేసినవాడు. దివాను కూతురు అతని దగ్గర 1936లో విడతలు విడతలుగా 3,000 రూపాయలు 18 శాతం వడ్డీకి అప్పు తీసుకుంది. ఆమె సంతకాలున్న ఉత్తరాలూ చీటీలూ యాభై దాకా అతని ఇంట్లో దొరికాయి. ఆమె భర్త పాకాల నారాయణస్వామి. ఘటన నాటికి ఆ దంపతులుండేది బరంపురంలో.

మార్చి 20న బంట్రోతుకు ఒక ఉత్తరం వచ్చింది. దాని మీద సంతకం లేదు. దాన్ని భార్యకు చూపించి, బాకీ ఇస్తాను రమ్మని నారాయణస్వామి భార్య రాసిందనీ, అందుకే బరంపురం వెళ్తున్నాననీ చెప్పాడు. మరునాడు రైలెక్కాడు. ఆ తర్వాతి కబురు పూరీ నుంచే.

ఆ చివరి మాటను కోర్టు వినవచ్చా? చెప్పినవాడు చనిపోయాడు. విన్నది భార్య ఒక్కతే. చెప్పే నాటికి అతనికి చావు భయం లేదు సరికదా, డబ్బు వస్తుందన్న ఆశ ఉంది. 1939 జనవరిలో నాటి అత్యున్నత అప్పీలు కోర్టు ప్రివీ కౌన్సిల్ తరఫున తీర్పు రాసిన లార్డ్ అట్కిన్, వినవచ్చన్నాడు. సాక్ష్య చట్టం 32వ సెక్షన్ కింద చావుకు దారితీసిన వ్యవహారపు పరిస్థితుల్లో అది భాగమన్నాడు. ఆ చోటే ఒక హద్దు కూడా పెట్టాడు. ఫలానావాడి మీద అనుమానంగా ఉందనో, భయంగా ఉందనో చనిపోయినవాడు అంతకుముందు అన్న సాధారణ మాటలు, చావు సందర్భంతో నేరుగా ముడిపడకపోతే, సాక్ష్యం కావు. చనిపోయినవాడి అనుమానానికే తలుపు మూసిన చట్టం, అరుగు మీద కూర్చున్నవాడి అనుమానానికి తెరుస్తుందా?

ఆ తీర్పులో రెండో భాగం ఇంకా ఆసక్తికరం. బంట్రోతు తన ఇంటికి వచ్చాడనీ, మరునాడు సాయంత్రం రైలుకు వెళ్లిపోయాడనీ, తర్వాత ఈ హత్యకు శిక్ష పడిన నారాయణస్వామి పోలీసులతో అన్నాడు. ఇంతకన్నా పనికొచ్చే మాట ఏముంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. దర్యాప్తులో పోలీసులకు చెప్పిన మాట కాబట్టి అది చెల్లదని ప్రివీ కౌన్సిల్ పక్కన పెట్టింది. మిగిలిన సాక్ష్యమే, ముఖ్యంగా ట్రంకు కొనుగోలు నుంచి స్టేషను దాకా దొరికిన జాడే, శిక్షను నిలబెట్టింది.

టీవీలో నిందితుడు నేరం ఒప్పుకున్నాడని స్క్రోలింగ్ రాగానే కేసు ముగిసిందనుకునేవాళ్లు ఇంకో తెలుగు కేసును కూడా చూడాలి. పులుకూరి కోటయ్య కేసులో బల్లెం దాచానన్న మాట చెల్లింది, దానితో పొడిచానన్న మాట చెల్లలేదు. ప్రివీ కౌన్సిల్ పెట్టిన ఆ గీత 27వ సెక్షన్ నుంచి నేటి భారతీయ సాక్ష్య అధినియమంలోకీ వచ్చింది.

మహారాష్ట్రలో పనిచేసే ఏ వకీలైనా ఇక్కడ శరద్ బిర్ధీచంద్ శారదా కేసును ముందుకు తెస్తాడు. పుణెలో కొత్త కోడలు విషంతో చనిపోయిన ఆ కేసులో సుప్రీంకోర్టు 1984లో నిందితుణ్ని విడుదల చేసింది. 32వ సెక్షన్ను కాస్త విశాలంగా చదివి, ఆమె సోదరికీ స్నేహితురాలికీ రాసిన ఉత్తరాలను పరిశీలనకు తీసుకుంది. అయినా పరిస్థితుల గొలుసు పూర్తి కాలేదంది. చేసి ఉండవచ్చు అన్నదానికీ చేసే ఉండాలి అన్నదానికీ మధ్య దూరాన్ని, 1973 నాటి శివాజీ సాహెబ్‌రావ్ బోబడే తీర్పును ఆధారం చేసుకుని, అయిదు సూత్రాల్లో మొదటిదానిలో రాసింది. ఊరి ఊహ దాదాపు ఎప్పుడూ మొదటి మాట దగ్గర ఆగిపోతుంది. తాను ఆగిపోయానని దానికి తెలియకపోవడమే చిక్కు.

శవం దొరికిందంటే ఊహ మరింత జోరందుకుంటుంది. నీళ్లలోంచి తీసిన శవం ఫొటో ఫోన్లలో తిరిగితే, ఉబ్బిన ముఖాన్ని చూసి కొట్టి చంపారంటారు. కుళ్లే క్రమంలో పుట్టే వాయువులే ఆ ఉబ్బుకు కారణం. చేతుల చర్మం తొడుగులా ఊడితే కాల్చారంటారు. రోజుల తరబడి నీట నానితే చర్మం అలాగే ఊడుతుంది. వీపు మీది నీలి మచ్చలు దెబ్బలు కానక్కర్లేదు, గుండె ఆగాక రక్తం కిందివైపుకు దిగితే అవే ఏర్పడతాయి. చేపలూ పీతలూ కొరికిన చోట్లు కత్తిగాట్లుగా కనిపిస్తాయి. వేసవి నీళ్లలో ఒకటి రెండు రోజుల్లోనే తేలే శవం, చలికాలం లోతు మడుగులో చాలా ఆలస్యంగా తేలుతుంది. కాబట్టి తేలిన రోజును బట్టి చచ్చిన రోజును లెక్కగట్టడం సొంతంగా చేసే పని కాదు. నీట మునిగి చనిపోయాడా, చంపి నీట పడేశారా అన్నదానికి ఎముక మజ్జలో డయాటములనే సూక్ష్మ నాచుజీవుల కోసం వెతుకుతారు. అక్కడ కూడా ఆ నది నీటి నమూనాతో పోల్చకుండా ఏమీ తేల్చరు.

2020 మే నెలలో వరంగల్ రూరల్ జిల్లా గీసుగొండ మండలం గొర్రెకుంటలో జరిగింది ఇంతకన్నా చేదైన పాఠం. గోనెసంచుల కర్మాగారం పక్క బావిలో మే 21న నాలుగు శవాలు, మరునాడు ఇంకో అయిదు. చనిపోయినవాళ్లలో ఆరుగురు పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన ఒక్క కుటుంబం వాళ్లు. మిగతావాళ్లలో బిహార్ కూలీలు, త్రిపుర మనిషి ఉన్నారు. లాక్‌డౌన్ రోజులు కదా, పని లేక సామూహిక ఆత్మహత్య చేసుకున్నారన్న ఊహ వెంటనే లేచింది. ఆ ఊహలో జాలి ఉంది, కాలానికి తగ్గ తర్కమూ ఉంది. కానీ అది తప్పు. భోజనంలో నిద్రమాత్రలు కలిపి, మత్తులో ఉన్నవాళ్లను బావిలో వేసిన హత్యలని దర్యాప్తులో తేలింది. నిందితుడు ఆ కుటుంబంతో చనువున్న బిహార్ యువకుడు. అదే ఏడాది అక్టోబరు 28న వరంగల్ కోర్టు అతనికి మరణశిక్ష వేసింది.

కారణం బావిలో లేదు, మార్చిలో ఉంది. ఆ ఇంటి ఇల్లాలి అక్క కూతురు మార్చిలో అతనితో కలిసి రైల్లో బెంగాల్‌కు బయల్దేరింది. ఆమెను దారిలో చంపి, అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా నిడదవోలు దగ్గర రైల్లోంచి తోసేశాడు. తిరిగొచ్చి, ఆమె సొంతూరు చేరిందన్నాడు. అక్కడి రైల్వే పోలీసులకు అది గుర్తు తెలియని స్త్రీ శవం, ఇక్కడ గొర్రెకుంటలో అది ఇంకా ఫిర్యాదు కాని ప్రశ్న. ఆ రెండూ ఒకచోటికి రాలేదు. పిన్ని మాత్రం అడుగుతూనే ఉంది. పోలీసుల దగ్గరికి వెళ్తానంది. ఆమె నోరు మూయించడానికే మిగతా తొమ్మిది హత్యలూ జరిగాయన్నది ప్రాసిక్యూషన్ కథనం.

పిన్ని చేసిందీ ఒక రకంగా సొంత దర్యాప్తే. కానీ ఆమె దగ్గరున్నది సిద్ధాంతం కాదు, సమాచారం. ఎవరితో వెళ్లింది, ఏ రైలు, తిరిగొచ్చినవాడు ఏమన్నాడు. పిఠాపురం బంట్రోతు భార్య దగ్గరున్నదీ అదే రకం. అలాంటి మాట వేడి మీద ఉండగా రాసుకోకపోతే, ఊరి కథ దాని మీద పేరుకుని నెల తిరిగేసరికి చెప్పేవాళ్లకే ఏది విన్నదో ఏది అనుకున్నదో తెలియకుండా పోతుంది.

సిరొంచ, అహేరి, చామోర్షి ఠాణాల్లో ఈ రకపు ఫిర్యాదు వస్తే రాయాల్సినవి కొన్నే. చివరి ఫోను మాట ఉన్నది ఉన్నట్టు, ఒంటి మీది బట్టలు, పాత ఎముక విరుపులు, పన్ను కట్టించుకున్న గుర్తులు, డీఎన్‌ఏ పోలికకు రక్తసంబంధీకుల పేర్లు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, హత్యలాంటి కాగ్నిజబుల్ నేరం జరిగిన పరిధితో సంబంధం లేకుండా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు నమోదు చేయాలి. మిరప చేల నుంచి తిరిగిరాని మనిషి భార్య తెలంగాణలోని ములుగు దాకా వెళ్లనక్కర్లేదు. ఫలానావాడి మీద అనుమానమని ఆమె అంటే దాన్నీ రాయండి. అయితే అది వేరే పేరాలో ఉండాలి, ఆమె చెవులతో విన్నది దానికి పైన ఉండాలి.