ఐబీఎం తుపాకీ, కోనసముద్రం ఉక్కు

మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నాడు. మా ఫ్రీమాంట్‌లోనే ఉన్న నుమ్మీ కార్ల ఫ్యాక్టరీలో చాలా ఏళ్ళు పనిచేశాడు. 2010లో అది మూతపడ్డప్పటినుంచీ ఇంటిపట్టునే ఉంటున్నాడు. పోయిన నెలలో ఒక ఆదివారం నన్ను గరాజ్‌లోకి పిలిచి ఒక పాత రైఫిల్ చూపించాడు. "చూడు, మీ కంప్యూటర్ల వాళ్ళు చేసిందే" అన్నాడు. వంగి చూస్తే నిజంగానే ఇనుము మీద ఐబీఎం అని చెక్కి ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎం-1 కార్బైన్ అది. 1960ల్లో సైన్యం తనకు మిగిలినవి అమ్మినప్పుడు వాళ్ళ నాన్న కొన్నాడట. ఇప్పుడు ఎవరికైనా అమ్ముదామని ఒక సేకర్తకి చూపిస్తే ఆయన విప్పి చూసి పెదవి విరిచాడు. గొట్టం ఐబీఎంది, లోపల బోల్టు విన్‌చెస్టర్‌ది, ఇంకో ముక్క రాక్-ఓలాది. "అన్నీ ఐబీఎంవే అయితే మంచి ధర పలికేది, ఇది కలగూరగంప" అన్నాడట. పెద్దాయన బాగా నొచ్చుకున్నాడు. "అంటే మా నాన్న ఇన్నాళ్ళూ దాచుకున్నది కల్తీ సరుకా?" అని నన్నడిగాడు. తుపాకుల గురించి నాకేం తెలుసు? కానీ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఇంటికొచ్చి నాలుగు పుస్తకాలు తిరగేశాను.

విషయం ఏమిటంటే, 1941లో అమెరికా సైన్యం విన్‌చెస్టర్ వాళ్ళ నమూనాని ఎంచుకుంది గానీ, అన్ని తుపాకులు ఆ ఒక్క కంపెనీ చేయలేదు. అందుకని పది కంపెనీలకు పని పంచారు. అందులో పాటల పెట్టెలు చేసే రాక్-ఓలా ఉంది, టైపు మిషన్ల అండర్‌వుడ్ ఉంది, తపాలా యంత్రాల కంపెనీ ఉంది, జనరల్ మోటార్స్ విభాగాలు రెండున్నాయి, మన ఐబీఎం ఉంది. అందరూ కలిసి యుద్ధం ముగిసేలోపు 60 లక్షలకు పైగా చేశారు. ఐబీఎం వాటా దాదాపు 3 లక్షల 46 వేలు.

షరతు ఒక్కటే. ఎవరు చేసిన ముక్కయినా ఎవరి తుపాకీలోనైనా ఇమడాలి. అందరికీ ఒకే డ్రాయింగులు, పక్కాగా కొలిచే గేజీలు, పైన సైన్యం ఇన్‌స్పెక్టర్లు. ఒకరి దగ్గర తక్కువైన భాగాలు ఇంకొకరు పంపేవారు. ప్రతి ముక్క మీదా చిన్న అక్షరం ఉండేది, విన్‌చెస్టర్‌కి డబ్ల్యూ, రాక్-ఓలాకి ఆర్, ఐబీఎంకి బి. అది గొప్ప చెప్పుకోడానికి కాదు, తేడా వస్తే ఎవర్నడగాలో తెలియడానికి. మన భాషలో చెప్పాలంటే స్పెసిఫికేషన్ ఒకటి, ఇంప్లిమెంటేషన్లు పది. యుద్ధం తర్వాత మరమ్మతు డిపోల్లో తుపాకులన్నీ విప్పి, చేతికొచ్చిన మంచి ముక్కతో మళ్ళీ బిగించారు. అలా బిగించినవే చాలా ఎక్కువ. పెద్దాయన తుపాకీ కల్తీ కాదు, డిజైను అనుకున్నట్టే పనిచేసిందనడానికి రుజువు.

ఇందులో నాకు బాగా నచ్చిన కథ ఇంకొకటుంది. ఆ పది కంపెనీల్లో అర్విన్-పెడర్సన్ అని ఒకటి. అందులో పెడర్సన్ అంటే మొదటి ప్రపంచ యుద్ధం కాలం నుంచీ తుపాకుల డిజైన్లో మోగిపోయిన పేరు. ఆ కంపెనీ చేసిన కార్బైన్లు తనిఖీలో నెగ్గలేదు. 1943లో కాంట్రాక్టు రద్దు చేసి, ఆ ఫ్యాక్టరీని కార్ల స్టీరింగులు చేసే సాగినా కంపెనీకి అప్పగించారు. పాటల పెట్టెల వాళ్ళు గట్టెక్కారు, తుపాకుల మేధావి పేరు గట్టెక్కలేదు!

ఫ్రీమాంట్‌లో ఉండేవాళ్ళకి ఇది కొత్త సంగతేం కాదు. నుమ్మీలో టొయోటా కరోలా, జనరల్ మోటార్స్ వాళ్ళ ప్రిజమ్ ఒకే కప్పు కింద తయారయ్యేవి. దాదాపు ఒకే కారు, పేరే వేరు. అయినా పాత కార్ల బజారులో కరోలాకే ఎక్కువ ధర పలికేది. మా పెద్దాయన రెండూ తన చేతులతో బిగించినవాడే. తుపాకీ దగ్గరికొచ్చేసరికి ఆయనే పేరు చూసి దిగులు పడ్డాడు.

అయితే పేరుకి విలువే లేదా? ఇక్కడే మన కథ వస్తుంది.

19వ శతాబ్దంలో యూరప్‌లో మంచి తుపాకీ గొట్టమంటే 'డమాస్కస్' గొట్టం. ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి, కడ్డీ చుట్టూ చుట్టి, అతికి చేసేవారు. బెల్జియంలోని లియేజ్ దీనికి పెద్ద కేంద్రం. పైన నీటి అలల్లాంటి చారలు కనిపించేవి. ఆ చారల వల్లే పాత డమాస్కస్ కత్తుల పేరు దీనికి అంటుకుంది. నిజానికి ఆ కత్తులు చేసే పద్ధతి పూర్తిగా వేరు, వాటిలో అతుకే లేదు. తర్వాత చవకరకం గొట్టాల మీద ఆ చారల బొమ్మ అద్ది అమ్మినవాళ్ళూ ఉన్నారు. అరువు పేరుకి మళ్ళీ నకలన్నమాట. పొగలేని మందు వచ్చాక, ఈ గొట్టాల్లో ఆ తూటాలు వాడొద్దని తూటాల పెట్టెల మీదే హెచ్చరిక వేయాల్సొచ్చింది. పేరు చూసి నమ్మితే చేతివేళ్ళు పోతాయి.

మరి అసలు కత్తుల ఉక్కు ఎక్కడిది? దక్షిణ భారతం నుంచి, శ్రీలంక నుంచి వెళ్ళేది. పేరుపడ్డ చోట్లలో ఒకటి మన నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం. 17వ శతాబ్దంలో తావెర్నియే అనే ఫ్రెంచి వ్యాపారి, చారలు తేలే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచే వస్తుందని రాశాడు. చిన్న రొట్టెంత ముద్ద, దాన్ని రెండుగా కోసి బాగుందో లేదో చూసుకుంటారు, ఒక్కో సగంతో ఒక్కో కత్తి. 1820ల్లో వాయిసీ అనే ఇంగ్లీషు వైద్యుడు కోనసముద్రంలో పని కళ్ళారా చూశాడు. ఆయన రాసింది 1832లో అచ్చయింది. రెండు రకాల ఇనుము కలిపి, మూసల్లో మూసి, రోజంతా కొలిమిలో కాచేవారు. అక్కడ ఆయనకి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక పర్షియా వర్తకుడు తగిలాడు. ఆ వర్తకుడు కొనడానికి వచ్చి ఊరికే కూర్చోలేదు. కొలిమి దగ్గరే ఉండి, పాళ్ళు తూచడం దగ్గర్నుంచి పని తానే చూసుకునేవాడు.

చూశారా, కోనసముద్రం ఉక్కని అంత దూరం నుంచి వచ్చినవాడు కూడా పేరుని నమ్మి డబ్బు కట్టలేదు. అదే ముద్ద పర్షియా చేరి కత్తయ్యాక దాని మీద పడే పేరు ఇస్ఫహాన్ కమ్మరి అసదుల్లాది. ఆయన పోయాక ఎన్నో తరాల దాకా ఆ సంతకం కత్తుల మీద పడుతూనే ఉంది! యూరప్ చేరేసరికి ఊరి పేరు డమాస్కస్. కోనసముద్రం పేరు ఎక్కడా లేదు.

నాకర్థమైంది ఇది. పేరంటే ఒకప్పుడు ఎవరో సరిగ్గా పరీక్ష చేశారనడానికి మిగిలిన గుర్తు. పరీక్ష సాగుతున్నంతకాలం పేరు పనికొస్తుంది. ఆగిపోయాక పేరు ఒక్కటే తిరుగుతూ ఉంటుంది. బర్మింగ్‌హామ్‌లో 1813లో చట్టం చేసి మరీ తుపాకుల పరీక్షశాల పెట్టింది ఇందుకే. అక్కడ గొట్టంలో మామూలు కంటే ఎక్కువ మందు కూరి పేల్చి, తట్టుకుంటేనే ముద్ర వేస్తారు. రైఫిల్ ముక్క కొనేవాడు వెతకాల్సింది ఆ ముద్రనీ, ఆ కొలతనీ.

పెద్దాయనకి కార్బైన్ కథంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత తుపాకీని గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టేశాడు. ప్రస్తుతానికి అమ్మడట.

నా బాధ మాత్రం వేరే. చిన్నప్పుడు ఆర్మూరు నుంచి మెట్‌పల్లి పోయే బస్సులో కమ్మర్‌పల్లి మీదుగా ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. కోనసముద్రం అక్కడికి దగ్గరే. పేరులోనే కమ్మరి ఉన్న ఊరు. ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. 2010లో బెంగళూరు, ఎక్సెటర్ పరిశోధకులు వచ్చి ఆ చుట్టుపక్కల ఊళ్ళలో చిట్టెం కుప్పలు, మూసల పెంకులు వెతికి లెక్క రాసుకున్నారు. ఆ ముక్కల మీద ఎవరి పేరూ లేదు, విన్‌చెస్టర్ వాళ్ళ డబ్ల్యూ లాంటి చిన్న అక్షరం కూడా లేదు.