మెతుకుసీమ నుండి చూసిన సముద్రం

మా మెదక్‌కు సముద్రం చాలా దూరం. నీరంటే మాకు మంజీర, ఘనపురం ఆనకట్ట, పోచారం చెరువు. పడవంటే చేపలు పట్టేవారి తెప్ప. ఇటువంటి ఊరివాడు తెరచాప పడవల చరిత్ర వ్రాయబూనడం సాహసమే. అయినా మంజీర కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది, గోదావరి సముద్రంలో కలుస్తుంది. ఆ చుట్టరికం చెప్పుకొని మొదలుపెడుతున్నాను.

1968లో లండన్ పత్రిక 'సండే టైమ్స్' ఒక పందెం ప్రకటించింది. తెరచాప పడవలో ఒంటరిగా, ఏ రేవులోనూ ఆగకుండా భూమిని చుట్టి రావాలి. తొమ్మిది మంది బయలుదేరారు. ముగించినవాడు ఒక్కడే, రాబిన్ నాక్స్-జాన్‌స్టన్. 312 రోజులు పట్టింది. ఆయన పడవ 'సుహైలి' పుట్టిల్లు బొంబాయి. 32 అడుగుల ఆ టేకు పడవను చెక్కినవి మన దేశపు పనివాళ్ళ చేతులు. మిగిలినవారిలో మొయిటెస్సియర్ గెలిచే అవకాశముండీ పందెం విడిచి తాహితి వైపు సాగిపోయాడు. క్రౌహర్స్ట్ తాను లేని చోట ఉన్నట్టు వైర్‌లెస్‌లో కబుర్లు పంపుతూ అట్లాంటిక్‌లోనే తిరిగి, చివరకు అదృశ్యమయ్యాడు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు.

భూమిని చుట్టడమంటే ఏమిటో కొంచెం వివరించాలి. అన్ని రేఖాంశాలూ దాటాలి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటాలి, తెరచాపతోనే కనీసం 21,600 నాటికల్ మైళ్ళు నడవాలి. ఈ సంఖ్య ఎక్కడిదని నేనూ చాలాకాలం అనుకునేవాణ్ణి. వృత్తానికి 360 డిగ్రీలు, డిగ్రీకి 60 నిమిషాలు, నిమిషానికొక నాటికల్ మైలు. హెచ్చవేసి చూడండి! దారి మాత్రం దక్షిణాన. నలభై డిగ్రీల దిగువన పడమటి గాలికి అడ్డుపడే నేల దాదాపు లేదు. గాలి పడవను తోస్తుంది, ముంచనూ ముంచుతుంది.

2017 సెప్టెంబరు 10న గోవా నుండి ఐఎన్ఎస్‌వీ తారిణి ఈ దారినే పట్టింది. ఆరుగురూ నౌకాదళ మహిళాధికారులే. నాయకురాలు వర్తికా జోషి. తోడు ప్రతిభా జమ్వాల్, విజయాదేవి, పాయల్ గుప్తా, మన విశాఖ అమ్మాయి పి. స్వాతి, మన హైదరాబాదు అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య. స్వాతి ఉద్యోగం విమానాల రాకపోకల నియంత్రణ. ఐశ్వర్యది నౌకానిర్మాణ శాఖ. ఒకరిది సముద్రపు ఊరు, ఒకరిది మాలాగే పీఠభూమి. చుక్కాని దగ్గర ఆ తేడా చెల్లదు కాబోలు.

ఫ్రీమాంటిల్, లిటిల్‌టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్ రేవుల్లో ఆగారు. వీటిలో లిటిల్‌టన్ నుండి పోర్ట్ స్టాన్లీ వరకు పసిఫిక్ దాటడమే అసలు పరీక్ష. డిసెంబరులో బయలుదేరి, దాదాపు నలభై రోజులు నేల చూడకుండా, 2018 జనవరిలో కేప్ హార్న్ చుట్టారు. గాలి 60 నాట్లు మించింది, అంటే గంటకు 110 కిలోమీటర్ల పైమాట. అలలు ఏడు మీటర్ల వరకు లేచాయి. పడవ పొడవు చూస్తే 55 అడుగులే. ఇంటిదారిలో, హిందూ మహాసముద్రంలో, చుక్కాని యంత్రం మొరాయించింది. అనుకోని మజిలీగా మారిషస్‌లోని పోర్ట్ లూయీ చేరి బాగుచేసుకున్నారు. మే 21న గోవా చేరారు. 254 రోజుల్లో 199 నీటిపైనే.

ఈ కథ మా వీధి పిల్లలకు చెబితే ఒక గడుగ్గాయి అడిగింది: "ఆగి ఆగి పోయిండ్రు గద సార్, మరి గెలిచినట్టేనా?" నాకు వెంటనే జవాబు తోచలేదు. నిజమే, అది పందెం కాదు, ఎదురుగా మరో పడవ లేదు. ఆగకుండా చుట్టినవారి పక్కన దీన్ని తక్కువగా చూసేవారూ ఉన్నారు. నా మట్టుకు నాకు అది సరికాదనిపిస్తుంది. రేవులో ఆగితే కేప్ హార్న్ గాలి తగ్గదు కదా! పైగా ఒంటరివాడు పోరాడవలసింది సముద్రంతోనే. ఆరుగురు ఇరుకు గదిలో అన్ని నెలలు ఒకరినొకరు భరించాలి. "గెలవడానికి ఎవరూ లేరమ్మా, తిరిగి రావడమే" అన్నాను. ఆ పిల్లకు నచ్చినట్టు లేదు.

తిరిగి రావడం చిన్న మాట కాదని అదే ఏడాది తెలిసింది. సుహైలి నమూనాలోనే గోవాలో కట్టిన 'తురీయ'తో అభిలాష్ టోమీ గోల్డెన్ గ్లోబ్ పందెంలో ఉన్నాడు. సెప్టెంబరు 21న దక్షిణ హిందూ మహాసముద్రపు తుఫానులో తెరచాప కొయ్యలు విరిగాయి, వెన్నుపూస దెబ్బతిన్నది. కదలలేని స్థితిలో మూడు రోజులున్నాక ఫ్రెంచి ఓడ 'ఒసిరిస్' రక్షించింది. ఐఎన్ఎస్ సాత్పురా అతణ్ణి తెచ్చి దించింది మన విశాఖలోనే, స్వాతి ఊళ్ళోనే. అతడు 2022లో అదే పందేనికి మళ్ళీ వెళ్ళాడు. 236 రోజుల తరువాత, 2023 ఏప్రిల్ 29న, రెండవవాడుగా గట్టెక్కాడు. మొదట వచ్చినది కిర్‌స్టెన్ న్యూషాఫర్ అనే దక్షిణాఫ్రికా మహిళ. ఈ ముక్క మా గడుగ్గాయికి ఇంకా చెప్పలేదు.