వెలుగుతో తూచిన మందు

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో తగ్గని జ్వరంతో పాటు ఒంటిమీద నల్లటి పెచ్చు కట్టిన మచ్చ కనిపిస్తే, డాక్టరు స్క్రబ్ టైఫస్ అనుమానించి డాక్సీసైక్లిన్ రాస్తారు. బ్యాక్టీరియాలో ప్రోటీన్లు తయారయ్యే రైబోజోమ్‌లోకి దూరి, అక్కడి ఆర్‌ఎన్‌ఏను పట్టుకుని పని ఆపేయడం ఆ బిళ్ల చేసే పని.

టెట్రాసైక్లిన్లు అనే ఈ మందుల కుటుంబానికి పెద్దది ఆరియోమైసిన్. అది పుట్టిన లెడర్లీ ప్రయోగశాలలో అప్పుడు పరిశోధనలకు పెద్దదిక్కు మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలోని మిస్సోరీ పొలం మట్టిలో ఉన్న సూక్ష్మజీవి నుంచి దాన్ని రాబట్టింది బెంజమిన్ డగ్గర్. యూనివర్సిటీలో రిటైరయ్యాక చేరిన పెద్దాయన! 1948లో మందు సంగతి లోకానికి తెలిసింది, ఆ ఆగస్టులోనే సుబ్బారావు పోయారు.

బంగారు ఛాయ వల్లే దానికా పేరు. అతినీలలోహిత కాంతి పడితే అది వెలుగుతుంది కూడా. టెట్రాసైక్లిన్లు రైబోజోమ్‌కు అతుక్కుంటే ఆ వెలుగు ఇంకా పెరుగుతుంది. 1970లలో పరిశోధకులు ఆ పెరుగుదలనే కొలిచి, పట్టు ఎంత గట్టిదో లెక్కగట్టారు. మందు తన ఆనవాలు తానే చెప్పింది.

రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏనే పట్టుకునే స్ట్రెప్టోమైసిన్, పారోమోమైసిన్ లాంటి మందులకు ఆ భాగ్యం లేదు, వాటంతటవి వెలగవు. వెలుగుతోనే కొలవాలంటే అప్పుడు ముఖ్యంగా రెండు దారులు. ఆర్‌ఎన్‌ఏలో ఒక అడెనిన్ క్షారాన్ని తీసి, వెలిగే 2-అమైనోప్యూరిన్ పెట్టడం ఒకటి. దాని వెలుగు గుణాన్ని 1969లోనే వివరించారు. రెండోది, మందుకే రంగు అతికించడం.

ఆ పని 1990లలో హార్వర్డ్ మెడికల్ స్కూల్‌లో రాబర్ట్ రాండో బృందం చేసింది. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి సుబ్బారావు భాస్వరాన్ని నీలిరంగు చిక్కదనంతో కొలిచిన చోటు కూడా అదే. రాండో వాళ్లు పారోమోమైసిన్‌కు రోడమీన్ రంగు తగిలించారు. సంతలో పిల్లాడు ఒంటరిగా గిర్రున తిరుగుతాడు, తాత చంకెక్కితే తాత కదిలినంతే కదులుతాడు. చిన్న అణువూ అంతే: ఆర్‌ఎన్‌ఏను పట్టుకోగానే తిరగడం నెమ్మదిస్తుంది, అది వెదజల్లే వెలుగు కంపనాలు ఒకే దిశలో ఎక్కువగా నిలుస్తాయి. పరికరం కొలిచేది దాన్నే.

తిరకాసల్లా ఒకటే, అతికించిన రంగు మందు పట్టునే మార్చేయొచ్చు. నా లెక్కలో ఈ పద్ధతి గొప్పతనం ఆ చిక్కును దాటడంలోనే ఉంది. రంగు లేని అసలు మందును కొద్దికొద్దిగా కలుపుతారు. అది రంగున్నదాన్ని చోటునుంచి నెట్టేస్తే, రంగు అణువు మళ్లీ వేగంగా తిరుగుతుంది. ఎంత మోతాదుకు సగం ఖాళీ అయిందో చూస్తే అసలు మందు పట్టు తేలిపోతుంది.