పందికొక్కు నుంచి ‘బ్యాండికూట్’ వరకు

చిలకలూరిపేట పరిసరాల్లో పెరిగిన అభ్యాసకులకు పందికొక్కును పరిచయం చేయనక్కరలేదు. చేనిగట్టులో కలుగు, దాని ముందు తోడిపోసిన మట్టి, గిడ్డంగిలో అడుగున కొరికిన గోనెసంచి చూస్తే చాలు, అది వచ్చి వెళ్లిందని తెలిసిపోతుంది. ఆ పేరే ఇంగ్లీషు వాడుకలో ఒకరకం దొంగతనానికి పేరుగా మారింది. ఆ వైనాన్ని ఇప్పుడు పరిశీలిద్దాం.

ఆంగ్ల వర్తకులు 1611లో మచిలీపట్నం చేరారు. తెలుగువారితో సాగిన ఆ సుదీర్ఘ సంబంధంలో ఇంగ్లీషులోకి వెళ్లిన మాటల్లో పందికొక్కు ఒకటి. యూల్, బర్నెల్ 1886లో వెలువరించిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు ‘బ్యాండికూట్’కు మూలం తెలుగేనని చెప్పి, పంది, కొక్కు అని విడదీసి అర్థమిచ్చింది. జంతుశాస్త్రంలో ఈ ప్రజాతికి 1873లో గ్రే పెట్టిన పేరు కూడా ‘బ్యాండికోటా’యే.

1788లో బ్రిటిష్‌వారు సిడ్నీ ప్రాంతంలో ఖైదీల వలసను స్థాపించారు. అక్కడ పొడుగు మూతితో నేల తవ్వే చిన్న జంతువు ఒకటి వారికి కనిపించింది. అది ఎలుక జాతిది కాదు, కంగారూలాగా పిల్లను పొట్టసంచిలో పెంచేది. అయినా ఇండియాలో అలవాటైన పేరునే దానికి తగిలించారు. నైరుతి ఆస్ట్రేలియాలోని నూంగార్ ప్రజలు అందులో ఒక రకాన్ని ‘క్వెండా’ అంటారు. అలాంటి స్థానిక నామాలను పక్కకు నెట్టింది మన గట్టు మీది మాటే. తెలుగు మాట ఖండాలు దాటిందని మురిసిపోయే ముందు ఈ సంగతి కూడా గమనించండి.

ఆస్ట్రేలియా జనవ్యవహారంలో ఆ నామవాచకం క్రియ అయింది. ఆలుగడ్డ మొక్కను పీకకుండా, పై ఆకు చెదరకుండా, కిందనుంచి దుంపలు మాత్రం దొంగతనంగా తవ్వుకుపోవడమే ‘బ్యాండికూట్ చేయడం’. యజమాని వచ్చి చూస్తే చేను పచ్చగానే ఉంటుంది!

మనమూ ప్రజల సొమ్ము మింగేవారిని పందికొక్కులంటాం. అందుచేత మన తిట్టే ఓడెక్కి అక్కడికి చేరిందని రాయాలనిపించవచ్చు. తొందరపడకండి. ప్రయాణించింది పేరు మాత్రమే. ఆస్ట్రేలియా జంతువు రాత్రివేళ మూతితో తవ్వే గుంటలను చూస్తే, అక్కడివారికి ఆ అర్థం తోచడానికి మన తిట్టు అవసరం లేదు. మాట అరువు తెచ్చుకోవడం వేరు, అర్థం అరువు తెచ్చుకోవడం వేరు. చరిత్ర విద్యార్థి మొదటిదానికి ఆధారం దొరికిందని రెండోదాన్ని కూడా రుజువైనట్లు రాయకూడదు.

1996లో ‘క్రాష్ బ్యాండికూట్’ అనే వీడియో గేమ్ వచ్చింది. అందులోని నాయకుడు ఆస్ట్రేలియా జంతువే. అది ఆడిన మన పిల్లల్లో ఆ పేరు తెలుగుదని ఎందరికి తట్టి ఉంటుంది?