అక్షపటలం నుండి ప్రజావేదిక వరకు

ప్రజాధన రక్షణ రాజధర్మంలో అంతర్భాగమని భారతీయ శాస్త్రకారులు ఏనాడో నిర్ణయించారు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఆయవ్యయ గణనకు అక్షపటలమనే ప్రత్యేక కార్యాలయం విహితమైంది. అధికారులు ఆషాఢమాసంలో తమ లెక్కలతో అచ్చటికి రావలెను. ధనాపహరణ మార్గాలను ఆచార్యుడు నలభైగా పరిగణించాడు. ఇవ్వనిదానిని ఇచ్చినట్లు వ్రాయడం, ఒకరికి చెందవలసినది మరొకరికి చెల్లించడం, తూనికలలోను కొలతలలోను వంచించడం వానిలో కొన్ని.

అధికారిపై అభియోగం వచ్చినప్పుడు అనుసరింపవలసిన విధి మరింత గమనార్హం. అతని అధికార పరిధిలో చాటింపు వేయించి, అతనివలన నష్టపోయినవారు వచ్చి చెప్పుకొనవలెనని ప్రకటించాలి. వారి నష్టాన్ని పూరించాలి. అనగా అన్యాయం జరిగినచోట దానిని అనుభవించినవాడే ప్రథమ సాక్షి.

ఈ ధర్మసూక్ష్మం మన కాలంలో అనంతపురం కరవునేలపై పరీక్షకు నిలిచింది. వర్షచ్ఛాయలో ఉన్న ఈ పీఠభూమిపై సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుశనగ ఎండిన ఏట నిరుపేదకు కరవుపని కూలియే అన్నం. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం ఆరంభమైంది. తొలి విడతలో దేశంలోని 200 జిల్లాలు చేరాయి. చట్టంలోని 17వ విభాగం గ్రామసభచే సామాజిక తనిఖీని విధించింది. ఆంధ్రప్రదేశ్ ఆ ఏడే తనిఖీలకు ఉపక్రమించి, 2009లో అందుకై ప్రత్యేక సంస్థను నెలకొల్పింది. 2011లో కేంద్రప్రభుత్వం కాగ్‌తో సంప్రదించి తనిఖీ నియమావళిని ప్రకటించింది.

కార్యాలయంలో కూర్చున్న గణకునికి కాగితం సక్రమంగానే కనిపించవచ్చు. మస్టరులోని పేరు, కొలతల పుస్తకంలోని అంకె, చేనిలోని మట్టికట్ట ఒకదానితో ఒకటి సరిపోలునో లేదో ఊరిలోనే తేలుతుంది. బెంగళూరుకు వలసపోయినవాడు అదే వారం స్వగ్రామంలో గుంత త్రవ్వినట్లు వ్రాసినచో, ఆ అసత్యాన్ని పొరుగింటివారు క్షణంలో గుర్తింపగలరు. కావున శిక్షణ పొందిన గ్రామీణ యువకులు దస్త్రాలు చేతబట్టి ఇంటింటికీ వెళ్లారు. పనిచేసిన దినాలెన్ని, చేతికందిన కూలి ఎంత అని ప్రతి కూలీనీ అడిగారు. చేసిన పనులను తిరిగి కొలిచారు. తేలిన దోషాలను గ్రామసభలో చదివి, పిదప మండల ప్రజావేదికపై అధికారుల సమక్షంలో విచారణకు పెట్టారు. చదువురాని కూలీ సైతం అచ్చట నిలిచి తన లెక్క తాను అడుగగలిగాడు.

అయినను లోపమొకటి మిగిలింది. బయటపడిన ధనంతో పోల్చినచో తిరిగి వసూలైనది స్వల్పం. తప్పు బహిరంగంగా రుజువైన పిదప కూడా కూలి చేతికి రాకున్నచో, మరునాటి ప్రజావేదికకు సాక్షి ఏ నమ్మకంతో వస్తాడు? నిర్భయంగా పలికినవాడు ఊరిలో వైరాన్ని మాత్రమే మూటగట్టుకొంటాడు.

కౌటిల్యుని విధిలో చాటింపు, సాక్ష్యం, నష్టపూరణం అనేవి ఒకే కర్మకు మూడు అంగాలు. పూర్ణాహుతి లేని యజ్ఞం సమాప్తం కానట్లే, అపహృతమైన కూలి శ్రామికుని చేతికి చేరనంతవరకు తనిఖీ సమాప్తం కానేరదు.